తుంగభద్ర రెండు ఒడ్ల కలెక్టర్లకు: మా రేవు చరిత్ర రాయించండి

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,
గౌరవనీయులైన జోగులాంబ గద్వాల జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నందుకు మరోలా అనుకోవద్దు. నేను అడగబోయే పని ఏటికి రెండు పక్కలా ఉంది. ఒక పక్క మాత్రమే చేస్తే సగం చేసినట్టు కూడా కాదు.

మాది కర్నూలుకు ఎగువన, సుంకేసుల వైపు, తుంగభద్ర గట్టున ఉన్న చిన్న ఊరు. ముప్పై మూడేళ్లు సర్కారు బడుల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఊరి పేరు, సర్వే నంబర్లు మీ ఇద్దరికీ విడిగా పంపిన అర్జీలో ఉన్నాయి. మా ఊరికీ ఏటవతలి ఊరికీ మధ్య ఒక పుట్టి రేవు, అంటే వెదురుతో అల్లిన గుండ్రటి పడవలో జనం ఏరు దాటే చోటు, ఉండేది. ఇప్పుడక్కడ బట్టలుతుక్కునేవాళ్లు, గొర్రెల్ని కడిగేవాళ్లు తప్ప ఎవరూ రారు. కొత్తవాళ్లెవరైనా చూస్తే మామూలు ఏటిగట్టు అనుకుని వెళ్లిపోతారు. కానీ నూట యాభై ఏళ్లకు దగ్గరగా ఆ రేవు రెండు రాజ్యాల మధ్య హద్దు. ఇవతల మొదట కర్నూలు నవాబు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ల మద్రాసు, అవతల నిజాం హైదరాబాదు. ఇంగ్లీషువాళ్లు వెళ్లిపోయాక నిజాం భారతదేశంలో చేరకుండా తాను స్వతంత్రుడినన్నాడు. అందుకని 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబర్ 17 దాకా, పదమూడు నెలల పాటు, మా ఊరి జనానికి ఏరు దాటడమంటే దేశం దాటడమే అయింది.

ఈ సంగతి మా రేవులో ఎక్కడా రాసి లేదు. మా బడి పిల్లల పుస్తకాల్లో లేదు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. నేను అడుగుతున్నది మూడు పనులు. రేవుకు రెండు పక్కలా ఒక్కో రాయి పాతి, రెండింటి మీదా ఒకే మాట చెక్కించండి. బతికున్న పెద్దవాళ్ల మాటలు రికార్డు చేయించండి. రెండు మహానగరాల్లో దుమ్ములో పడి ఉన్న ఈ రేవుల కాగితాలకు నకళ్లు తెప్పించి కర్నూలులోనూ గద్వాలలోనూ పెట్టించండి. ఎందుకు అడుగుతున్నానో కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

కర్నూలు అన్న పేరే ఏరు దాటడంలోంచి వచ్చిందని మా వైపు పెద్దలు చెప్తారు. ఆలంపురం గుడికి బండల్ని బండ్ల మీద తోలేవాళ్లు ఏట్లో దిగే ముందు ఇక్కడ ఆగి, ఇరుసులకు కందెన వేసుకునేవాళ్లట. అట్లా కందెనవోలు, కందనవోలు, చివరికి కర్నూలు. ఇది కథే కావచ్చు. కానీ ఒక ఊరు తన పేరును బండి చక్రానికి పూసిన జిడ్డులోంచి తెచ్చుకుందని ఆ ఊరివాళ్లే చెప్పుకుంటున్నారంటే, ఏరు దాటడం వాళ్ల బతుకులో ఎంత పెద్ద పనో ఆలోచించండి. అవతల ఆలంపురంలో బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలున్నాయి, జోగులాంబ ఉంది. ఇవతల పెళ్లయినా, కాన్పయినా, పంట చేతికొచ్చినా అమ్మ దగ్గరికి పోయి రావడం మామూలు. దేవత అవతల, భక్తులు ఇవతల. ఆ రోజుల్లో మధ్యలో హద్దేదీ లేదు.

హద్దు గట్టిపడింది 1800లో. టిప్పు సుల్తాను మీద యుద్ధాల్లో తన వాటాగా వచ్చిన సీమనంతా నిజాం ఆ ఏడాది అక్టోబర్ ఒప్పందంలో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కంపెనీ సైన్యం ఖర్చుకని ఇచ్చిన సీమ అది. దత్తమండలాలని పేరు పడ్డది అందుకే. ఆ పేరు మా వాళ్ల మనసులో ఎంత గుచ్చుకుందంటే, 1928లో నంద్యాల సభలో దాన్ని వదిలించుకుని రాయలసీమ అని పెట్టుకున్నారు. అదే ఒప్పందంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. హద్దు వంకర్లు లేకుండా ఉండాలని కొన్ని ఊళ్లు ఇటు నుంచి అటు, కొన్ని అటు నుంచి ఇటు మార్చుకున్నారు. కొప్పళ, గజేంద్రగడ వైపు నిజాంకి పోయాయి, ఆదోని కంపెనీకి వచ్చింది. ఎక్కడో కూర్చుని పటం మీద ఏటినే గీతగా గీశారు. కర్నూలు మాత్రం ఇంకో నలభై ఏళ్లు నవాబు చేతిలోనే ఉంది. 1839లో కోటలో లెక్కకు మించి ఆయుధాలు దొరికాయని నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని, కంపెనీ ఆ ముక్కను కూడా కలిపేసుకుంది. అప్పటి నుంచి మా గట్టున తెల్లవాడి రాజ్యం, ఎదురు గట్టున నిజాం రాజ్యం.

మా జేజి, అంటే నాయనమ్మ, ఎదురు గట్టు ఆడబిడ్డ. 1930ల చివర్లో మా జేజినాయనకిచ్చి చేశారు. చివరిదాకా ఆమె అవతలి పక్కను మొగలాయి అనే అనేది. ఎవరైనా తన పుట్టిల్లు అడిగితే "మాది మొగలాయి నాయనా, మీరంతా కుంపిణీ సీమవాళ్లు" అనేది. కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, పోయి ఎంత కాలమైనా ఆ మాట ఆమె నోట్లోంచి పోలేదు.

పెళ్లయి మొదటిసారి కాపురానికి వస్తూ రేవు దాటిన సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. నిజాం రాజ్యంలో సుంకాలు వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవాళ్లు. లోపలికి వచ్చే సరుకు మీదే కాదు, బయటికి పోయే సరుకు మీద కూడా నూటికి ఐదు చొప్పున సుంకం. రేవులో సుంకం చౌకీని నాకా అనేవాళ్లు. మా జేజి ట్రంకు పెట్టెను ఆ నాకా మనిషి ఇసుకలోనే తెరిపించాడు. చేత్తో ముట్టుకోకుండా బెత్తంతో ఒక్కో చీరా ఎత్తి పక్కనేశాడు. అందులో ఒక గద్వాల చీర ఉంది, ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. అది కొత్తదా, కట్టిందా అని అడిగాడు. కట్టిన బట్టకైతే సుంకం లేదన్నాడట. వాళ్ల నాయనకు అబద్ధం చెప్పడం రాదు, కొత్తదేనన్నాడు. అప్పుడు మా జేజి, పదహారేళ్ల పిల్ల, అందరూ చూస్తుండగానే ఆ చీరను పావడా మీద చుట్టుకుని "ఇప్పుడు కట్టిందే" అన్నదట. నాకా మనిషి నవ్వి పెట్టె మూయమన్నాడు. ఆమె పోయే ముందు కూడా ఈ మాట చెప్పి అదే నవ్వు నవ్వింది. ఆ చీర అంచు ముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

పుట్టి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలు దాన్ని ఫొటోలోనే చూస్తున్నారు. వెదురు బద్దల్ని గంపలాగా గుండ్రంగా అల్లి, కింద బర్రె తోలు కుట్టేవాళ్లు. తర్వాత్తర్వాత తోలుకు బదులు తారు పూసిన గుడ్డ వచ్చింది, ఇప్పుడు ప్లాస్టిక్ పట్ట. దానికి ముందు వెనక లేవు. తెడ్డు సరిగ్గా వేయకపోతే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఎండాకాలంలో గడ ఆనించి నెట్టేవాళ్లు. వానాకాలం ఏరు వచ్చినప్పుడు రేవులోంచి నేరుగా అవతలి రేవుకు పోవడం కుదరదు, నీళ్లు కిందికి లాగేస్తాయి. అందుకని పుట్టి తోలే ఆయన దాన్ని నెత్తికి బోర్లించుకుని గట్టెంబడే ఎగువకు అర మైలు నడిచేవాడు. అక్కడ నీళ్లలో వేసి, మనుషుల్ని ఎక్కించుకుని, ఏటితో పాటు వాలుగా జారుతూ సరిగ్గా అవతలి రేవులో దించేవాడు. ఎంత ఎగువకు నడవాలో నీళ్ల రంగు చూసి చెప్పేవాడని మా నాయన అనేవాడు. ఆ ఇంటివాళ్లకు రెండు ఊళ్ల కళ్లాల్లోనూ మేర, అంటే పంటలో వాటా, ఉండేది. రెండు రాజ్యాల్లో జీతం ఉన్న మనిషి మా ఊళ్లో ఆయనొక్కడే. ఆయన మునిమనవడు ఇప్పుడు కర్నూలులో ఆటో తోలుతున్నాడు. నీళ్ల రంగు చూసి వేసే ఆ లెక్క అతనికి తెలియదు.

రూపాయల సంగతి. నిజాంకు సొంత నాణెం, సొంత నోటు, సొంత తపాలా బిళ్ల. ఆ రూపాయి హాలీ సిక్కా, ఇంగ్లీషువాళ్ల రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. సంతకు పోయే ప్రతి ఆడమనిషీ ఈ లెక్క నోటితోనే వేసేది. మా జేజికి అక్షరం రాదు. కానీ అవతలి సంతలో కొన్న మిరపకాయల ధర ఇవతల ఎంతవుతుందో పైసలతో సహా చెప్పేది. బడిలో పిల్లలకు నిష్పత్తి చెప్పేటప్పుడు నేను ఈ లెక్కనే వాడేవాణ్ని. ఏడుకు ఆరు. పిల్లలకు చటుక్కున అర్థమయ్యేది, ఎందుకంటే వాళ్ల ఇళ్లలోనూ ఒక మొగలాయి అవ్వ ఉండేది.

ఇక ఆ పదమూడు నెలలు.

1947 నవంబర్ చివర్లో ఢిల్లీకీ హైదరాబాదుకీ యథాతథ ఒప్పందం కుదిరింది. కాగితం మీదే కుదిరింది. అవతల రజాకార్లు, ఇవతలి సరిహద్దు జిల్లాల్లో స్టేట్ కాంగ్రెస్ వాళ్ల శిబిరాలు. భారత ప్రభుత్వం సరుకులు అవతలికి పోకుండా బిగించింది. ఆ దిగ్బంధం గురించి పుస్తకాల్లో ఒక వాక్యంలో తేల్చేస్తారు. మా ఇంట్లో దాని పేరు ఉప్పు. మా జేజి పుట్టింట్లో ఉప్పు అయిపోయింది. గొడ్లకు లేదు, మనుషులకు లేదు. అప్పుడు మా జేజినాయన ఎండిన సొరకాయ బుర్రల్లో ఉప్పు పోసి, మూతికి గుడ్డ కుక్కి, మైనంతో మూసి, రెండు బుర్రల్ని నడుముకు కట్టుకుని చీకట్లో ఈదుకుంటూ పోయేవాడు. బుర్రలో ఉప్పు తడవదు. పైగా బుర్రే మనిషిని తేలుస్తుంది. ఎన్నిసార్లు పోయాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అత్తగారింటికి ఉప్పు ఇచ్చి రావడం చెప్పుకోవాల్సిన పనిగా ఆయనకు తోచలేదేమో. కానీ రెండు పక్కలా ఎవరికి దొరికినా ఆయన సంగతి ఏమయ్యేదో మీరు ఊహించుకోవచ్చు.

మా మేనత్తకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె ఇప్పుడూ ఉంది, మాట స్పష్టంగా ఉంది. రాత్రిళ్లు అవతలి నుంచి జనం వచ్చేవాళ్లని చెప్తుంది. రేవులో దీపం పెట్టకూడదు. పుట్టి వస్తున్నట్టు తెడ్డు చప్పుడును బట్టే తెలిసేది. మా ఇంటి వసారాలో, పక్కింటి కొట్టంలో, రామాలయం అరుగు మీద పడుకునేవాళ్లు. జేజి, ఇంకో నలుగురు ఆడవాళ్లు రాత్రంతా జొన్న రొట్టెలు తట్టేవాళ్లట. ఒకామె పిల్లల్ని మొగుడికి అప్పజెప్పి, తాను మాత్రం చిన్న మూటను ఎదకు హత్తుకుని పుట్టి దిగింది. అందరూ నగలనుకున్నారు. తెల్లారి చూస్తే విత్తనం జొన్నలు. మళ్లీ వెళ్లాక విత్తనం ఎక్కడ దొరుకుతుందని తెచ్చిందట. మా అత్త ఈ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ రెండు చేతులూ అట్లా ఎదకు ఆనించి చూపిస్తుంది.

1948 సెప్టెంబర్ 13న సైన్యం నిజాం రాజ్యంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ వారం ఏరు నిండుగా ఉంది, పుట్టి వేయలేదు. కబురు తెలిసినా రెండు రోజుల పాటు ఎవరూ దాటలేకపోయారని అత్త చెప్తుంది. ఈ పక్క వాళ్లు, ఆ పక్క వాళ్లు గట్ల మీద నిలబడి కేకలేసుకున్నారు. నీళ్ల హోరులో మాటలు వినపడలేదట. తువ్వాళ్లు ఊపారు.

దేశం ఒకటైనా రాష్ట్రాలు వేరే. అవతల హైదరాబాదు రాష్ట్రం, ఇవతల మద్రాసు. మద్రాసులో అప్పటికి మద్యనిషేధం, అవతల లేదు. ఏ సంత రోజున ఎవరు ఎందుకు ఏరు దాటేవాళ్లో ఇళ్లలో ఆడవాళ్లకు బాగా తెలుసు. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు చోటు చాలక డేరాలు వేశారు. రాజధానిలో నిలబడి చూస్తే ఏటి అవతల వేరే రాష్ట్రం కనిపించేది. ఆలంపురం, గద్వాల తాలూకాలు అప్పుడు రాయచూరు జిల్లాలో ఉండేవి. ఈ సంగతి ఇప్పుడు గద్వాలలో చదువుకున్న పిల్లలకే తెలియదు. 1956 నవంబర్ 1న రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది. ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్ జిల్లాలో కలిశాయి. హద్దు పోయింది.

నేను పుట్టింది ఆ తర్వాతే. యాభై ఏడేళ్ల ఏడు నెలలు మా ఏరు దేనికీ హద్దు కాదు, జిల్లాకు తప్ప. నా చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లల పెళ్లిళ్లు అన్నీ ఆ కాలంలోనే. మా జేజి మొగలాయి అన్నప్పుడల్లా నాకు కథలాగే వినిపించేది. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. దాని న్యాయాన్యాయాల గురించి నేనిక్కడ మాట్లాడటం లేదు. అవతలి వాళ్లు తమ రాష్ట్రం కోసం ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు, వాళ్లలో మా బంధువులున్నారు. నేను చెప్పేది ఒక్కటే, ఏరు మళ్లీ హద్దయింది. అవతలి ఊరి పిల్ల ఇవతల చదివితే ఏ రాష్ట్రంలో లోకల్ అవుతుందోనని తల్లిదండ్రులకు టెన్షన్. పంచలింగాల చెక్‌పోస్టులో సంచులు తెరిచి సీసాల కోసం వెతకడం మేమంతా చూశాం. 2021 మేలో, కరోనా రెండో విడతలో, ఇటు నుంచి హైదరాబాదుకు పోయే అంబులెన్సులు పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఆగిపోయాయి. హైకోర్టు జోక్యం చేసుకున్నాక గానీ దారి తెరుచుకోలేదు. అదే సమయంలో ఆలంపురం, గద్వాల, రాయచూరు రోగులు కర్నూలు పెద్దాసుపత్రిలో వార్డుల్లో ఉన్నారు. ఎప్పుడూ ఉంటారు. పెద్ద జబ్బు చేస్తే ఏరు దాటి కర్నూలు రావడం అక్కడివాళ్లకు తరాల అలవాటు.

ఆ రోజుల్లో టీవీలో ఆ అంబులెన్సుల వరస చూస్తూ మా అత్త ఒక్క మాట అడిగింది: "నాకా మళ్లీ పెట్టినారా?" ఆమెకు నేనేం చెప్పాలో తోచలేదు. ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన నాకు వచ్చింది అప్పుడే.

2009 గురించి కూడా చెప్పాలి. అక్టోబర్ 2న వచ్చిన వరద గురించి కర్నూలులో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అవతల రాజోలి కూడా మునిగింది, ఆలంపురం మునిగింది. మా ఇంట్లో నీళ్లు అటక దాకా వచ్చాయి. జేజి ట్రంకు పెట్టె తేలిపోయి, మూడో రోజు పెరట్లో గోడ కింద బురదలో బోర్లా దొరికింది. చీర అంచు ముక్క ముందే మా అక్క తీసుకుపోయింది కాబట్టి మిగిలింది. జేజినాయన రాసుకున్న లెక్కల పుస్తకం మాత్రం పిండిముద్ద అయిపోయింది. రేవు కూలి, సుంకం, హాలీకి కల్దారుకు మారకం, ఎవరెవరు ఎప్పుడు దాటారో, ఇరవై ఏళ్ల లెక్క అందులో ఉండేది. నేను సోషల్ టీచర్ని, దాని విలువ నాకు తెలుసు. అయినా తీరిక దొరికినప్పుడు రాసుకుందాంలే అని పదేళ్లు వాయిదా వేశాను. ఆ తప్పు నాదే. బురద కడుగుతుంటే ఒక్క హాలీ రూపాయి దొరికింది. ఒక పక్క చార్మినారు. దాని కమాను మధ్యలో చిన్న ఉర్దూ అక్షరం, చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని మొదటి అక్షరం. అది ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నాను.

ఇళ్లలో కాగితాలు పోయినా సర్కారు దగ్గర ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. కాకపోతే కర్నూలు మద్రాసు రాజ్యంలో ఉండేది కాబట్టి మా పక్క కాగితాలు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, ఇంగ్లీషులో. అవతలి పక్క నిజాం కాగితాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, ఉర్దూలో, పాతవైతే ఫారసీలో. రేవు ఒక్కటే. దాని కథలో సగం ఒక నగరంలో ఒక భాషలో, మిగతా సగం ఇంకో నగరంలో ఇంకో భాషలో. రేవు దాటిన మనుషులు మాట్లాడిన తెలుగులో మాత్రం ఎక్కడా లేదు. నేను ఒక ఆఫీసుకు మూడుసార్లు అర్జీ పెట్టాను. ఇది అవతలి జిల్లా సంగతి, అక్కడ అడగండి అన్నారు. అక్కడికి పోతే, మీరు ఇవతలివాళ్లు కదా, మీ దగ్గరే అడగండి అన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఎవరి మీదా నాకు కోపం లేదు. అందుకే ఇప్పుడు మీ ఇద్దరికీ ఒకేసారి రాస్తున్నాను.

రెండు ప్రభుత్వాలు కలిసి ఇట్లాంటి పని చేయడం కుదరదని మాత్రం అనకండి. ఇదే ఏటి మీద, ఎగువన హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం కట్టింది ఎవరు? 1944లో నిజాం ప్రభుత్వమూ మద్రాసు ప్రభుత్వమూ ఒప్పందం చేసుకున్నాయి. 1945 ఫిబ్రవరి 28న ఎడమ గట్టున హైదరాబాదు తరఫున నిజాం కొడుకు బేరార్ యువరాజు, కుడి గట్టున మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ శంకుస్థాపన చేశారు. రెండు రాజ్యాలు, రెండు నాణేలు, రెండు రకాల కొలువులు. అయినా ఎవరి గట్టు నుంచి వాళ్లు మొదలుపెట్టి ఒకే కట్టను లేపారు. ఈ రోజుకీ మా పొలాలకు వచ్చే నీళ్లు ఆ కట్టవే. నేనడిగేది రెండు చిన్న రాళ్లు.

రాళ్ల మీద పెద్ద మాటలేమీ వద్దు. ఇక్కడ పుట్టి రేవు ఉండేదని, 1800 నుంచి 1948 దాకా ఇది రెండు రాజ్యాల హద్దని, ఆ తర్వాత ఎప్పుడెప్పుడు ఏమైందో తేదీలతో రాస్తే చాలు. రెండు గట్ల మీదా తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. ఒకరిని పొగడటం, ఒకరిని తిట్టడం వద్దు. నాకాలో ఉన్న ఆ మనిషి కూడా మా జేజి పెట్టె మూసి పంపించాడు కదా. ఏ నాయకుడి పేరూ, ఫొటో కూడా వద్దని చేతులెత్తి అడుగుతున్నాను. కట్టింది ఏ పార్టీ హయాంలోనన్న గొడవ వస్తే, రాయి ఐదేళ్లు కూడా నిలవదు.

రికార్డింగ్ మాత్రం రాళ్ల కంటే ముందు జరగాలి. రాయి వచ్చే ఏడాదైనా పాతొచ్చు. రెండు ఊళ్లలో ఆ కాలం గుర్తున్నవాళ్లను నేను, అవతలి ఊరిలో నాకు వరసకు బావయ్యే రిటైర్డ్ పోస్ట్‌మాస్టరూ కలిసి లెక్కేశాం. పదకొండు మంది తేలారు. ఈ సంక్రాంతికి తొమ్మిది మందయ్యారు. రెండు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లల్ని పంపించండి. వాళ్ల చేతిలో ఫోన్ ఉంటే చాలు, ఇంకే సామానూ అక్కర్లేదు. ఇవతలి పిల్లల్ని అవతలి ఊరికీ, అవతలి పిల్లల్ని ఇవతలి ఊరికీ పంపితే ఇంకా మంచిది. వాళ్ల భోజనాలు మేం చూసుకుంటాం.

2020 పుష్కరాలప్పుడు మా రేవులో సిమెంటు మెట్లు కట్టారు. జనానికి మంచిదే. కానీ పాత రేవు బండలు చాలావరకు వాటి కిందికి పోయాయి. ఒక్క రాయి మాత్రం మెట్లకు ఎడమ పక్కన, తుమ్మచెట్టు కింద మిగిలింది. పుట్టి తాడు కట్టే రాయి అది. తాడు రాసుకుని రాసుకుని మధ్యలో వేలు పట్టేంత గాడి పడింది. ఎండాకాలం నీళ్లు తగ్గాకే బయట పడుతుంది. దాన్ని కదపకుండా, దాని పక్కనే మా గట్టు రాయి పాతించమని నా మనవి.

ఏప్రిల్ రెండో వారానికి నీళ్లు మోకాలి లోతుకు వస్తాయి. అప్పుడు మీరిద్దరూ చెరో గట్టు నుంచి నడిచి వచ్చినా మధ్యలో కలుసుకోవచ్చు. రాగలిగితే ఒక రోజు ముందు కబురు చేయండి. పొద్దున పది లోపల వస్తే మంచిది. మా అత్తకు ఆ పూటే ఓపిక ఉంటుంది, ఎండెక్కితే నిద్రపోతుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
తుంగభద్ర కుడి గట్టు, కర్నూలు జిల్లా